కమాన్ పట్టీతో తొలి చాకు: కొలిమి నుంచి సాన దాకా

తెలుగులో పదును అన్న మాట రెండు పనులకు చెల్లుతుంది. సాన మీద అరగదీసి వాదరకు, అంటే కత్తి కోసే అంచుకు, తెచ్చే వాడి ఒకటి. కొలిమిలో కాల్చి, ముంచి, మళ్లీ సన్నని వేడి తగిలించి ఉక్కు లోపలికి ఎక్కించేది ఇంకొకటి. నేలకు వాన పదును పట్టకుండా విత్తనం వేస్తే ఏమవుతుందో, లోపలి పదును పట్టని కత్తిని సాన పట్టినా అదే అవుతుంది. కొత్తగా కత్తులు చేసేవాళ్ల తొలి పనుల్లో లోపం దాదాపు ఎప్పుడూ ఇక్కడే దొరుకుతుంది. ఆకారం కుదురుతుంది, పిడి మెరుస్తుంది. వారం తిరక్కుండా వాదర మడతపడుతుంది, లేదా గచ్చు మీద పడి రెండు ముక్కలవుతుంది. అందుకే కింద సుత్తి పని కంటే వేడి గురించి ఎక్కువ రాశాం.

చేయబోయేది వంటింటి చాకు. బ్లేడు పొడవు 120 మి.మీ., వెడల్పు 28 మి.మీ., వెన్ను దగ్గర మందం 3 మి.మీ. పిడిలోకి దూరే తోక 90 మి.మీ. మొదటిసారికి ఇంతకంటే పెద్దది పెట్టుకోవద్దు. పొడవు పెరిగేకొద్దీ చిన్న కొలిమిలో అంతటినీ ఒకే వేడికి తేవడం కుదరదు, ముంచినప్పుడు వంకర పోయే అవకాశమూ పెరుగుతుంది. పైగా మన ఆయుధాల నిబంధనలు 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటి పనికి, సేద్యానికి చేసినవాటికి మినహాయింపు ఉన్నా, ఈ కొలతల్లో ఆ ప్రశ్నే రాదు.

ఇనుము ఎంపిక

పాత ఇనుప సామాను కొట్లో దొరికే ప్రతి ముక్కా కత్తి కాదు. స్లాబుకు వాడే టీఎంటీ కడ్డీలో కార్బన్ పావు శాతం దగ్గరే ఉంటుంది. గేటు కడ్డీలు, యాంగ్లర్లు, మామూలు ఫ్లాట్ పట్టీలు కూడా అంతే. వాటిని ఎంత ఎర్రగా కాల్చి ముంచినా వాదర నిలిచేంత గట్టిపడవు. కావలసింది కనీసం అర శాతం కార్బన్ ఉన్న ఉక్కు. లారీ, జీపు, ట్రాక్టర్ ట్రాలీల కమాన్ పట్టీల్లో (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) అది 0.5 నుంచి 0.65 శాతం దాకా ఉంటుంది, తోడుగా సిలికాన్ గానీ క్రోమియం గానీ. ఈఎన్ 45, ఎస్‌యూపీ 9 అన్న పేర్లతో అమ్మే ఉక్కులు ఈ కుటుంబానివే. ఈ ఉక్కు కాస్త పొరపాటును ఓర్చుకుంటుంది, నూనెలో ముంచితే చాలు గట్టిపడుతుంది. తొలి చాకుకు ఇంతకంటే మంచి ఎంపిక లేదు.

బేరింగుల్లో వాడే ఈఎన్ 31లో కార్బన్ ఒక శాతం దాకా ఉంటుంది. వాదర చక్కగా నిలుస్తుంది, కానీ సుత్తి దెబ్బకు సరిపడే వేడి మరీ ఇరుకు, తప్పితే పగులుతుంది. పాత ఆకురాయి కూడా అంతే. అందులోనూ కొన్ని చవక ఆకురాళ్లకు పైపొర మాత్రమే గట్టిది, లోపలంతా మెత్తని ఇనుము. ఈ రెండూ నాలుగైదు కత్తుల తర్వాత చూసుకోవచ్చు.

లారీ పట్టీ 10 మి.మీ. పైన ఉంటుంది, చేతి సుత్తితో దాన్ని పల్చన చేయడానికే సాయంత్రమవుతుంది. జీపుదో, చిన్న వ్యానుదో 6 మి.మీ. పట్టీ అడగండి. వాడేసిన పట్టీలో కంటికి కనపడని చీలికలు ఉంటాయి, ముఖ్యంగా మధ్య బోల్టు కన్నం చుట్టూ. ఆ భాగం తీసేయండి. మిగతాదాన్ని శుభ్రంగా రుద్ది, కిరోసిన్ పూసి, పది నిమిషాలాగి పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లండి. చీలిక ఉంటే లోపలి కిరోసిన్ పైకి ఊరి సన్నని తడి గీతగా కనిపిస్తుంది. వీలుంటే కొత్త పట్టీ ముక్కే కొనండి. గుర్తు తెలిసిన ఉక్కుతో మొదలుపెడితే తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం తేలిక. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి: జింకు పూత ఉన్న ఇనుమును కొలిమిలో పెట్టవద్దు. ఆ తెల్లటి పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి.

పట్టీలోంచి 25 మి.మీ. వెడల్పున, 400 మి.మీ. పొడవున ఒక ముక్క కోయండి. చాకుకు ఇంత అక్కర్లేదు. కానీ ఒక కొస కొలిమిలో ఉంటే రెండో కొస చేతిలో పట్టుకోవచ్చు. పట్టకారు పట్టు జారడం కొత్తవాళ్లకు పెద్ద తలనొప్పి, ప్రమాదం కూడా. సుత్తి పని అంతా ఇలా పొడవాటి కడ్డీ మీదే చేసి, చివర్లో తోకకు సరిపడా వదిలి తెంపుకోవచ్చు.

అదే పట్టీలోంచి 15 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవున్న ముక్కలు నాలుగు కోసి పక్కన పెట్టుకోండి. ఇవి పగలగొట్టడానికి. ఈ నాలుగు ముక్కల మీద వెచ్చించిన గంట, తర్వాత ఒక రోజంతా పడ్డ శ్రమను కాపాడుతుంది.

కొలిమి, దాగలి, సుత్తి

కొలిమికి నేలలో 25 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. లోతు గుంట చాలు. పుట్టమన్నులో మూడో వంతు ఇసుక, గుప్పెడు ఊక కలిపి, గోడలకు రెండంగుళాల మందం మెత్తి, రెండు రోజులు ఆరనివ్వాలి. గాలి గొట్టానికి నల్ల ఎంఎస్ పైపు (పూత లేని మామూలు ఉక్కుది), అంగుళంది. జీఐ పైపు వద్దు, దానికీ జింకు పూత ఉంటుంది. గొట్టం మూతి గుంట అడుగుకు 5 సెం.మీ. పైన, పక్క నుంచి రావాలి. తిత్తి ఉంటే మంచిది, చేతితో తిప్పే బ్లోయర్ ఇంకా తేలిక. జుట్టు ఆరబెట్టే మిషన్ పనిచేస్తుంది కానీ దాని గాలి మరీ ఎక్కువ. గొట్టానికి, దానికి మధ్య రెండు వేళ్ల సందు వదిలితే సరిపోతుంది.

బొగ్గు కర్ర బొగ్గే వాడండి. సర్కారు తుమ్మ బొగ్గు రెండు రాష్ట్రాల్లోనూ దొరుకుతుంది, గట్టిగా ఉండి నిలకడగా కాలుతుంది. నిమ్మకాయంత ముక్కలుగా కొట్టుకోండి. పెద్ద ముక్కల సందుల్లోంచి గాలి నేరుగా ఇనుముకు తగిలి పైన నల్లటి పొట్టు కడుతుంది; మరీ పొడి అయితే గాలి ఆడదు. మొదటి చాకుకు ఎనిమిది, పది కిలోలు దగ్గర ఉంచుకోవాలి.

ఇనుము పెట్టే చోటు ముఖ్యం. గొట్టం మూతికి ఎదురుగా పెడితే అక్కడ ఖర్చు కాని గాలి ఉక్కులోని కార్బన్‌ను కాల్చేస్తుంది. మూతికి ఒక అరచేయి ఎత్తున, కింద కణకణలాడే బొగ్గు, పైన మరో రెండంగుళాల బొగ్గు కప్పి, మధ్యలో పడుకోబెట్టాలి. నిలువుగా గుచ్చకూడదు.

దాగలి, అంటే ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ, లేకపోతే పాత సామాను కొట్లో 10 సెం.మీ. చదరం, 15 సెం.మీ. ఎత్తు ఇనుప దిమ్మ దొరుకుతుందేమో చూడండి. అది 12 కిలోల దాకా తూగుతుంది, ఈ చాకుకు చాలు. పట్టాల పక్కన పడున్న రైలు ముక్క జోలికి మాత్రం పోవద్దు. బిల్లు లేకుండా రైల్వే సామాను దగ్గరుంటే 1966 నాటి చట్టం కింద నేరం. దిమ్మను తుమ్మ మొద్దులో రెండంగుళాలు దిగేసి, నిలబడి చేయి వేలాడేస్తే పిడికిలి తగిలే ఎత్తులో పెట్టుకోవాలి. అంతకంటే ఎత్తైతే భుజం పోతుంది, తక్కువైతే నడుం.

సుత్తి ఒక కిలోది. దాని ముఖం అంచులు పదునుగా ఉంటే ప్రతి దెబ్బకూ నెలవంక గాటు పడుతుంది, ఆ గాట్లన్నీ తర్వాత ఆకురాయితో తీయాల్సి వస్తుంది. ముందే గ్రైండర్‌తో అంచులు గుండ్రంగా చేసుకోండి.

కళ్లద్దాలు, నూలు బట్టలు, మూసిన బూట్లు. లుంగీ, చున్నీ, టెరికాటన్ చొక్కా కొలిమి దగ్గర గానీ గ్రైండర్ దగ్గర గానీ ఉండకూడదు.

ముందు ముక్క పగలగొట్టండి

కోసిపెట్టుకున్న చిన్న ముక్కల్లో ఒకటి కాల్చండి. తీగకు వేలాడదీసిన అయస్కాంతం పక్కన ఉంచుకోండి. ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. కమాన్ ఉక్కు గట్టిపడడానికి అది చాలదు. 830 నుంచి 850 డిగ్రీలు కావాలి, అంటే అంటుకోవడం మానేశాక ఇంకో ఛాయ ప్రకాశం. ఆ ఛాయను ఎండలో పోల్చుకోలేం. ఈ పని సాయంత్రం, నీడలో చేయాలి. ఇంకో గుర్తు కూడా ఉంది: మామూలు ఉప్పు 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ముక్క మీద చిటికెడు చల్లితే, అది నీరై మెరిసినప్పుడు కనిపించే ఎరుపును కంటికి పట్టించుకోవచ్చు. తర్వాత కడిగేయాలి, లేకపోతే తుప్పు.

ఆ వేడి దగ్గర నూనెలో ముంచి, చల్లారాక ఆకురాయితో గీయండి. అద్దం మీద జారినట్టు జారితే గట్టిపడింది. కొరికితే వేడి చాలలేదు, లేదా ఆ ఉక్కు పనికిరానిది. ఇప్పుడు వైసులో సగానికి బిగించి, మందపు గుడ్డ కప్పి, సుత్తితో కొట్టండి. విరిగిన చోటు మైదాపిండిలా సన్నగా, బూడిద రంగులో ఉంటే వేడి సరిగ్గా ఉంది. బొంబాయి రవ్వలా, పంచదార పలుకుల్లా మెరిస్తే వేడి ఎక్కువైంది. రేణువులు పెరిగిపోయాయి, అలాంటి బ్లేడు గట్టిగానే ఉంటుంది కానీ పెళుసుగా విరుగుతుంది. రెండో ముక్కను కావాలనే పసుపు రంగు దాకా కాల్చి ముంచి విరిచి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకసారి ఈ తేడా చూసిన కన్ను మళ్లీ మరచిపోదు.

సుత్తి పని

బ్లేడు ముక్కను నారింజ రంగు దాకా తెచ్చి కొట్టాలి. ముదురు ఎరుపుకు దిగగానే ఆపి మళ్లీ కొలిమిలో పెట్టాలి. చల్లబడ్డాక కొట్టిన దెబ్బలు చీలికలుగా మారతాయి. మరోవైపు ఇనుములోంచి మతాబుల్లా తెల్లని నిప్పురవ్వలు వస్తున్నాయంటే అది కాలిపోతోంది. ఆ భాగం ఇక బాగుపడదు, కోసిపారేయాలి. సన్నగా ఉంటుంది కనుక మొన ముందు కాలుతుంది. చూపు మొన మీదే ఉంచండి.

కార్బన్ ఎక్కువున్నకొద్దీ ఈ హద్దు ఇంకా ఇరుకవుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో వండిన ఉక్కు ఒకప్పుడు పర్షియా దాకా వెళ్లేది. మన ఉక్కు అన్న మాట నుంచే ఇంగ్లీషు వుట్జ్ పుట్టిందని చెబుతారు. ఆ ఉక్కులో కార్బన్ ఒకటి నుంచి రెండు శాతం మధ్య ఉండేది. మామూలు ఇనుమును కాల్చినట్టు దాన్ని తెల్లగా కాలిస్తే సుత్తి కింద పొడి అయిపోతుంది. తక్కువ వేడి మీద ఓపిగ్గా సాగదీయాలి. కమాన్ పట్టీ అంత మొండిది కాదు, అలవాటు మాత్రం అదే చేసుకోండి.

మొదట మొన. కడ్డీ కొసను అంచు మీద నిలబెట్టి, ఒక మూలను దిమ్మ మీద కొట్టి కోసుగా తేవాలి. రెండు దెబ్బలకోసారి పక్కకు పడుకోబెట్టి చదును చేయకపోతే కొస చేప నోరులా రెండుగా చీలి, ఆ మడత లోపల ఉండిపోతుంది. మడత కనిపిస్తే కొట్టి మూయాలని చూడకండి, అది అతకదు. గ్రైండర్‌తో తీసేయండి.

తర్వాత మందాన్ని 6 నుంచి 4 మి.మీ.కి దించుతూ బ్లేడు సాగదీయాలి. వాదర వైపు పల్చన చేయడం మొదలుపెట్టగానే అటు ఇనుము సాగి బ్లేడు అరటిపండులా వెన్ను వైపు వంగుతుంది. ఇది తప్పు కాదు, ఇనుము స్వభావం. అందుకే వాదర కొట్టడానికి ముందే బ్లేడును కొడవలిలా వాదర వైపుకు కొద్దిగా వంచి పెట్టుకుంటారు; పల్చన చేసేకొద్దీ అది తనంతట తానే నిటారుగా వస్తుంది. ఒక పక్క ఎన్ని దెబ్బలు కొడితే రెండో పక్క అన్నే కొట్టాలి. ఒక పక్కే కొట్టిన బ్లేడు ఇప్పుడు నిటారుగా కనిపించినా నూనెలో వంకర పోతుంది.

వాదరను రూపాయి బిళ్ల మందం కంటే సన్నగా కొట్టవద్దు. పైపొరలో కార్బన్ ఎలాగూ కొంత పోతుంది, సిలికాన్ ఉన్న పట్టీల్లో ఇంకా ఎక్కువ. ఆ పొరను రాకి తీయడానికి ఇరువైపులా అర మి.మీ. మిగలాలి.

బ్లేడు కుదిరాక కడ్డీని తెంపి, పట్టకారుతో బ్లేడు పట్టుకుని తోకను 12 మి.మీ. వెడల్పుకు, 90 మి.మీ. పొడవుకు సాగదీయండి. బ్లేడు, తోక కలిసే భుజం దగ్గర లోపలి మూల ఎప్పుడూ గుండ్రంగా ఉండాలి. గుండ్రని ఆకురాయితో 3 మి.మీ. వంపు తీయండి. తొలి కత్తుల్లో విరిగిపోయేవి ఎక్కువగా సరిగ్గా ఆ మూల దగ్గరే విరుగుతాయి. ముంచినప్పుడు బిగువంతా అక్కడ చేరుతుంది.

సుత్తి పని అయ్యాక ఉక్కుకు విశ్రాంతి కావాలి. అయస్కాంతం వదిలే వేడికి కాస్త పైకి తెచ్చి, తీగకు వేలాడదీసి, గాలి వీయని చోట నల్లబడే దాకా ఆరనివ్వండి. ఇలా మూడుసార్లు, ప్రతిసారీ కొద్దిగా తక్కువ వేడికి. సుత్తి పనికి కాల్చిన వేడికి పెరిగిన రేణువులు సన్నబడతాయి, లోపలి బిగువు వదులుతుంది. ఫ్యాను కింద, చల్లని నేల మీద పెట్టకూడదు. నాలుగోసారి కాల్చి పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేస్తే ఆకురాయికి మెత్తగా లొంగుతుంది.

ఆకురాయి పని

ముందు చుట్టూ ఆకారం, తర్వాత వాదర వైపు వాలు. వాదర పొడవునా మార్కర్ రంగు పూసి, బ్లేడు మందమే ఉన్న డ్రిల్లు ముల్లును బల్ల మీద పడుకోబెట్టి లాగితే నడిమి గీత పడుతుంది. రెండు వైపుల నుంచీ ఆ గీత వైపు రాకాలి. ఒక వైపు పూర్తి చేసి రెండో వైపుకు పోకుండా, ఇరవై సార్లు ఇటు, ఇరవై సార్లు అటు. ఈ దశలో వాదర 1 మి.మీ. దగ్గర ఆపండి. అంతకంటే పల్చనైతే నూనెలో అలలు అలలుగా మెలికపడుతుంది, లేదా చిట్లుతుంది.

120 నంబరు ఎమరీ కాగితంతో గీతలన్నీ బ్లేడు పొడవునా పోయేలా రుద్దండి. అడ్డంగా మిగిలిన లోతు గీత ఒక్కటి చాలు, పగులు అక్కడ మొదలవడానికి. తోకలో పిన్ను కోసం 4 మి.మీ. కన్నం ఇప్పుడే వేయాలి.

పిడి చెక్కలో తోకకు చోటు చేసే పని కూడా ముంచక ముందే చేసుకోండి. చెక్కలో 6 మి.మీ. డ్రిల్లుతో రెండు కన్నాలు పక్కపక్కన 85 మి.మీ. లోతుకు వేసి, తోకను ఎర్రగా కాల్చి మూడు నాలుగు సెకన్లు గుచ్చి తీయాలి. నాలుగైదు సార్లకు తోక దాని ఆకారంలోనే దిగుతుంది. పదును ఎక్కించాక ఇదే పని చేస్తే ఆ వేడి భుజం దాటి, పిడి పక్కనున్న వాదర కొసను మెత్తబరుస్తుంది.

నూనెలో ముంచడం

15 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. లోతు, మూత ఉన్న ఇనుప డబ్బాలో నాలుగున్నర లీటర్ల వేరుశనగ నూనె. ప్లాస్టిక్ డబ్బా ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వాడేసిన ఇంజన్ ఆయిల్ కూడా వద్దు. దాని పొగలో ఉండేవి ఊపిరితిత్తులకు మంచివి కావు. కాల్చిన ఇనుప ముక్క ముంచి నూనెను 50, 60 డిగ్రీలకు వెచ్చబరచండి. చన్నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది, గోరువెచ్చని నూనె త్వరగా లాగుతుంది. నీళ్లలో ముంచితే ఈ ఉక్కు టింగుమని పగులుతుంది. పక్కనే బకెట్ ఇసుక ఉండాలి. నూనె అంటుకుంటే మూత వేయాలి, నీళ్లు పోయకూడదు.

కొలిమిలో రెండంగుళాల నల్ల ఎంఎస్ పైపు ముక్క పడుకోబెట్టి, చుట్టూ బొగ్గు కప్పి, బ్లేడును పైపు లోపల కాల్చండి. నేరుగా గాలి తగలదు, మొన ముందే కాలిపోదు, రంగు అంతటా సమంగా వస్తుంది. అయస్కాంతం వదిలాక ఇంకో ఛాయ పైకి తెచ్చి, మూడు నుంచి ఐదు నిమిషాలు అక్కడే నిలపండి. వెన్ను నల్లగా, వాదర ఎర్రగా ఉంటే ఆగండి, ముందుకూ వెనక్కూ జరుపుతూ సమం చేయండి.

బయటికి తీసిన క్షణమే, మొన కిందికి, నిటారుగా, తోకతో సహా ముంచాలి. ముంచి కోస్తున్నట్టు వాదర దిశలో ముందుకూ వెనక్కూ కదపవచ్చు. పక్కలకు ఊపితే ఒక వైపు ముందు చల్లారి వంగుతుంది. పది సెకన్ల తర్వాత తీసి వెన్ను వెంట చూడండి. వంకర ఉంటే, ఇంకా చేతికి పట్టనంత వేడిగా ఉన్న ఆ నిమిషంలోపు తోలు చేతి తొడుగుతో రెండు చెక్కల మధ్య నొక్కి సరిచేయవచ్చు. పూర్తిగా చల్లారాక నొక్కితే గాజులా విరుగుతుంది.

ఊళ్లో కమ్మరి కొడవలికి నీళ్లు పెట్టే తీరు వేరు. వాదరను మాత్రం కాసేపు ముంచి తీసి, రాయి మీద రుద్ది మెరిపించి, వెన్నులో మిగిలిన వేడి వాదరకు పాకుతూ తెచ్చే రంగును చూస్తూ, సరైన రంగు రాగానే మొత్తం ముంచేస్తాడు. రెండు దశలూ ఒక్క ఊపులో అయిపోతాయి. అది ఎన్నో ఏళ్ల కంటి చూపు. తొలి చాకుకు రెండూ విడివిడిగా చేయడమే క్షేమం.

పెళుసు తీయడం

ఇప్పుడు చాకు అత్యంత గట్టిగా, అత్యంత పెళుసుగా ఉంది. బల్ల మీంచి జారితే పోయినట్టే. గంటలోపు రెండో వేడికి వెళ్లాలి. రాత్రికి వదిలేసి పొద్దున చూసుకుందామంటే లోపలి బిగువుకు తానే పగిలిన బ్లేళ్లు ఉన్నాయి. సబ్బుతో నూనె కడిగి, ఎమరీతో ఒక పక్క మెరిసేలా రుద్ది, ఓటీజీ ఓవెన్‌లో ఇసుక పోసిన పళ్లెంలో పెట్టండి. 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు. తీసి పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ 205 దగ్గర రెండు గంటలు. ఓవెన్ మీద ఉండే అంకెను నమ్మవద్దు, 20 డిగ్రీలు అటూ ఇటూ చూపించడం మామూలే. విడిగా ఓవెన్ థర్మామీటర్ పెట్టుకోండి.

మెరిసే పక్కన లేత ఎండుగడ్డి రంగు రావాలి. గోధుమ రంగు 250 దాటిందని, ఊదా 275 అని, నీలం 300 దగ్గరికి పోయిందని. నీలం స్ప్రింగుకు మంచిది, వంటింటి వాదరకు మరీ మెత్తన. ఓవెన్ లేకపోతే ఇనుప మూకుడులో మూడంగుళాల ఇసుక వేడిచేసి, వెన్ను కిందికి దిగేసి, వాదర పైకి ఉంచి రంగు గమనించవచ్చు. పొయ్యి మీది నుంచి కన్ను తిప్పకూడదు, అంతే.

ఆఖర్న తోక. బ్లేడును భుజం దాకా నీళ్లలో నిలబెట్టి, తోకను గ్యాస్ టార్చితో నీలం రంగుకు తెస్తే పిడి లోపల విరగదు.

ఇక్కడి నుంచి వేడి శత్రువు. గ్రైండర్ వాడితే చేతి తొడుగు లేకుండా పట్టుకుని, ప్రతి గీతకూ నీళ్లలో ముంచండి. వేళ్లు చురుక్కుమంటే ఆపాలి. వాదరలో నీలి మచ్చ కనిపిస్తే అక్కడ పదును దిగిపోయింది. ఆ మేరకు రాకి తీసేయడమే దారి. ఆ తర్వాత వాటర్ పేపర్: 120, 220, 400, 600. ముందు నంబరు గీతలు పూర్తిగా పోనిదే తర్వాతి నంబరుకు వెళ్లవద్దు.

పిడి

నల్ల తుమ్మ, చింత చేవ, టేకు మంచివి. కొండపల్లి బొమ్మల పునికి, ఏటికొప్పాక అంకుడు చెక్కడానికి హాయిగా ఉంటాయి కానీ పిడికి మెత్తన. ఎర్రచందనం ముక్క ఎవరైనా ఇస్తామన్నా కాగితాలు లేకుండా తీసుకోవద్దు. చెక్క కనీసం ఏడాది ఆరినదై ఉండాలి. పచ్చిది వాడితే ఎండాకాలంలో పొన్ను (పిడి మూతికి తొడిగే లోహపు కట్టు) వదులై ఊడుతుంది.

పొన్నుకు ఏసీ మెకానిక్‌ల దగ్గర దొరికే ముప్పావు అంగుళం రాగి గొట్టం 20 మి.మీ. ముక్క సరిగ్గా సరిపోతుంది. పాత పద్ధతిలో లక్కలో ఇటుక పొడి కలిపి కరిగించి తోకను దిగేస్తారు. అది బాగానే పడుతుంది, అయితే వేడి నీళ్లతో కడిగే వంటింటి చాకులో మెత్తబడి వదులవుతుంది. అరల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురు సమానంగా కలిపి కన్నం నింపి, తోకను మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తూ దించండి, గాలి బుడగలు పోతాయి. పిడి లోంచి తోక కన్నం గుండా 4 మి.మీ. ఇత్తడి పిన్ను. 24 గంటలు కదపవద్దు.

పిడి 115 మి.మీ. పొడవు, 30 మి.మీ. ఎత్తు, 20 మి.మీ. మందం, కోడిగుడ్డు ఆకారపు కోత. గుండ్రంగా చేస్తే చేతిలో తిరుగుతుంది, వాదర ఎటుందో వేళ్లకు తెలియదు. తొలి పనుల్లో పిడి దాదాపు ఎప్పుడూ లావుగా ఉంటుంది. పూర్తయిందనుకున్నాక కూరగాయలు పది నిమిషాలు కోసి, అరచేతిలో ఒత్తిన చోట ఇంకాస్త తీయండి. పైన అవిసె నూనె మూడు పూతలు, రోజుకొకటి. ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, పరిచి ఆరబెట్టండి.

సాన, పరీక్ష

ముందు వాదర వెనక మందం చూడండి. అర మి.మీ. కంటే ఎక్కువుంటే ఎంత సాన పట్టినా క్యారెట్‌ను కోయదు, చీలుస్తుంది. అక్కడి దాకా వాలును పల్చన చేశాకే రాయి. 28 మి.మీ. వెడల్పు బ్లేడు వెన్ను రాయి మీది నుంచి 8 మి.మీ. లేస్తే కోణం దాదాపు 17 డిగ్రీలు. 8 మి.మీ. చెక్క ముక్క ఒకటి రాయి పక్కన ఉంచుకుని మధ్యమధ్య సరిచూసుకోండి. 240 రాయి మీద ఒక పక్క రుద్ది, రెండో పక్క వాదర పొడవునా వేలికి సన్నని ముల్లు తగిలే దాకా ఆగకండి. అప్పుడే పక్క మార్చాలి. తర్వాత 1000 రాయి, ఆపైన పాత తోలు బెల్టు మీద పాలిష్ పూసి పదేసి సార్లు.

ఇప్పుడు 6 మి.మీ. ఇత్తడి కడ్డీని వైసులో పడుకోబెట్టి, చాకును సాన కోణంలో దాని మీద నొక్కి లాగండి. వాదర కొద్దిగా వంగి, వదిలాక తిరిగి నిటారుగా వస్తే వేడి పని కుదిరింది. చిట్లితే ఇంకా పెళుసుగా ఉంది. 15 డిగ్రీలు పెంచి మరోసారి ఓవెన్‌లో రెండు గంటలు, ఆ తర్వాత చిట్లిన మేర సాన. వంగి అలాగే ఉండిపోతే ముందు అనుమానించాల్సింది కార్బన్ పోయిన పైపొరను; 0.3 మి.మీ. రాకి మళ్లీ పరీక్షించండి. అప్పటికీ వంగితే ముంచిన వేడి చాలలేదు. పిడి వేసేశాక ఈ సంగతి తెలిస్తే పిడి పగలగొట్టి మొదటి నుంచి రావాలి కనుక, ఓపిక ఉన్నవాళ్లు పిడికి ముందే ముతక సాన పట్టి ఈ పరీక్ష చేసుకోవడం మేలు. అప్పుడు మళ్లీ ముంచే ముందు వాదరను 1 మి.మీ. మందం దాకా వెనక్కి తీయడం మరవకండి.

పిడి అడుగున ఉలితో వరుస సంఖ్య, ఉక్కు పేరు కొట్టి, ఓవెన్ వేడి, ఎన్ని గంటలు అన్నది నోటు పుస్తకంలో రాసి, విరిచిన పరీక్ష ముక్కను అదే సంఖ్యతో దాచండి. ఆరు నెలల తర్వాత ఏ చాకు వాదర నిలిచిందో, ఏది చిట్లిందో చూసుకుని నాలుగో కత్తికి వేడి మార్చుకోవాలంటే ఆధారం అదొక్కటే.

ఈ ఉక్కు తుప్పు పడుతుంది. చింతపండు, నిమ్మ, పచ్చి మామిడి తగిలితే నల్లబడుతుంది. ఆ నలుపు చెడు కాదు, రుద్ది పోగొట్టనక్కర్లేదు. కోయగానే కడిగి తుడిచి, వారానికోసారి చుక్క వేరుశనగ నూనె రాస్తే చాలు. ఆవకాయ ముక్కల టెంక కొట్టడానికి మాత్రం దీన్ని తీయవద్దు. ఆ పనికి మందపాటి కత్తి వేరే ఉండాలి.